సీసాలో మల్లె, చేతి మీద కలరా ఉండ

ప్రశ్న: మాది కడప. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. ఇంట్లోనే కొద్దికొద్దిగా చేత్తో కలిపి అమ్మే ఇద్దరు తయారీదారుల దగ్గర మే నెలలో ఏడు సుగంధ నూనెల శాంపిళ్లు తెప్పించుకున్నాను, ఒక్కొక్కటి 1 మిల్లీలీటరు. ఊళ్లోనే ఒక అంగట్లో 150 రూపాయలకు అర తులం చందనం అత్తరు కూడా కొన్నాను. పార్సిల్ వచ్చిన మధ్యాహ్నమే అన్నీ విప్పి రెండు చేతులకూ పూసి చూశాను. మల్లె నూనె సీసాలో అచ్చం విచ్చిన మల్లెపూవే. నా చేతి మీద మాత్రం గంటకల్లా కలరా ఉండల వాసన. అదే మా చెల్లెలి చేతి మీద సాయంత్రం దాకా బాగుంది. వట్టివేరు అరగంటకే మాయమైంది. దాల్చినచెక్క, లవంగం కలిసినది మెడకు పూసుకుంటే ఎర్రగా దద్దు లేచింది. ఇవి నకిలీవా, లేక నా ఒంట్లోనే దోషం ఉందా? శ్రావణంలో చెల్లెలి పెళ్లి. ఆ రోజుకు వీటిలో ఒక్కటైనా పనికొస్తుందా?

సమాధానం: ముందు మెడ సంగతి చూద్దామమ్మా. మిగతావి ఆగుతాయి, అది ఆగదు. ఆ దాల్చినచెక్క సీసాకు మూత బిగించి పక్కన పెట్టేయండి. ఈసారి తక్కువ పూసి చూద్దామని మళ్లీ ముట్టుకోవద్దు. దాల్చినచెక్క నూనెకు ఘాటునిచ్చేది సిన్నమాల్డిహైడ్, లవంగానికి యూజెనాల్. రెండూ చర్మాన్ని రేపేవే, మొదటిది మరీను. సుగంధ పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే ఇఫ్రా అనే అంతర్జాతీయ సంస్థ, ఒంటికి పూసుకునేవాటిలో ఇలాంటివి ఎంతకు మించకూడదో హద్దులు రాసి పెట్టింది. చేత్తో కలిపే చిన్న తయారీదారుల్లో ఆ లెక్క చూసి కలిపేవాళ్లూ ఉన్నారు, ముక్కుకు నచ్చేదాకా చుక్కలు పోసుకుంటూ పోయేవాళ్లూ ఉన్నారు.

దద్దు ఎప్పుడు లేచిందో గుర్తు తెచ్చుకోండి. పూసిన కాసేపటికే మంట పుట్టి, కడిగాక కొన్ని గంటల్లో చల్లారితే అది ఘాటుకు చర్మం రేగడం. ఒకటి రెండు రోజుల తర్వాత దురదతో, చిన్న పొక్కులతో వచ్చి, పూసిన చోటు దాటి పాకితే అది అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. మొదటిది మోతాదు తగ్గితే రాకపోవచ్చు. రెండోది ఒకసారి పట్టుకుంటే మామూలుగా వదలదు. అదే పదార్థం సబ్బులో వచ్చినా, టూత్‌పేస్టులో వచ్చినా చర్మం గుర్తుపడుతుంది. అలాంటప్పుడు స్కిన్ డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్టు చేయించుకుంటే దేనికి పడదో తెలుస్తుంది. ఆ రోజు సున్నిపిండితో గట్టిగా రుద్దుకున్నారా, వ్యాక్సింగ్ చేయించుకున్నారా అన్నది కూడా చూసుకోండి. పైపొర రేగి ఉన్న చర్మం మీద మెత్తని నూనె కూడా మంట పెడుతుంది. దద్దు మీద పసుపు, నిమ్మరసం వంటి ఇంటి వైద్యాలు వద్దు. మెత్తని సబ్బు నురగతో రెండుసార్లు మెల్లగా కడగండి. అది నూనె, ఉత్త నీళ్లకు పోదు.

ఇక మీదట ఏ నూనె అయినా మెడకు వెళ్లే ముందు మోచేతి మడత లోపలి వైపు, రూపాయి బిళ్లంత మేర, ఒక్క చుక్క పూసి రెండు రోజులు గమనించాలి. కొనాలని తేల్చుకున్నదాన్ని అదే చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు పూసి చూడాలి. అలర్జీ మొదటిసారి పూయగానే బయటపడాలని లేదు.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం సంగతి. పార్సిల్ వచ్చిన రోజే ఏడూ పూసేయడం అందరూ చేసేదే. కానీ ఆ రోజు మీరు పసిగట్టినదాంట్లో సగం లెక్కలోకి రాదు. కారణాలు చెబుతాను.

మే నెలలో కడపకు వచ్చే కొరియర్ పెట్టె 40 డిగ్రీలు దాటిన ఎండలో, రేకు వ్యాన్‌లో గంటల తరబడి కాగి ఉంటుంది. తేలికైన వాసనలు మూత కింది ఖాళీలో పోగుపడి, తీయగానే గుప్పున కొడతాయి. వనిల్లా పలుకుల్లాంటివి అడుగుకు చేరి ఉంటాయి. వచ్చిన సీసాలను వెలుతురు పడని చోట నిటారుగా పెట్టి వారం రోజులు ముట్టుకోకండి. కలిపిన తేదీ ఎప్పుడో తయారీదారును అడగండి. నెల నిండనిదైతే ఇంకో రెండు మూడు వారాలు ఆగినా నష్టం లేదు. కొత్తావకాయకూ ఊరిన ఆవకాయకూ ఉన్నంత తేడా ఉంటుంది. వాడేముందు సీసాను అరచేతుల మధ్య పది పదిహేనుసార్లు దొర్లిస్తే అడుగుది పైది కలుస్తుంది. దగ్గు మందులా కుదపక్కర్లేదు. పేర్లు పెన్సిల్‌తో రాసి పైన సెల్లోటేపు అంటించండి. పెన్ను రాత మీద ఒక్క నూనె చుక్క జారితే ఏది ఏదో తెలియకుండా పోతుంది. ఏడు సీసాల్లో మూడు పేరులేనివైతే ఎంత చిరాకో చెప్పక్కర్లేదు.

పూసే రోజున చెయ్యి ఖాళీగా ఉండాలి. మైసూర్ శాండల్ సబ్బుతో స్నానం చేసి వచ్చి ఏ అత్తరు పూసినా అడుగున కాస్త చందనం తగులుతుంది. ముఖానికి పౌడరు, జడలో మల్లెలు, దేవుడి గదిలో అగరొత్తి, వంటింట్లో ఇంగువ తాలింపు, ఇవన్నీ ముక్కుకు ముందే పని చెప్పేవే. వాసన లేని సబ్బుతో మోచేతి దాకా కడుక్కుని, ఆరాక పావుగంట ఆగి మొదలుపెట్టండి. రోజుకు ఒక్కటే. మరీ తొందరైతే రెండు, ఎడమ చేతికొకటి కుడి చేతికొకటి. అంతకు మించితే ముక్కు మొద్దుబారుతుంది. అత్తరు అంగళ్లలో, పెద్ద షోరూముల్లో వాసన మార్చుకోవడానికి కాఫీ గింజలు పెడుతుంటారు. వాకిట్లోకి వచ్చి ఉత్త గాలి పీల్చినదానికన్నా అవి చేసే మేలు ఏమీ లేదు.

మీ అసలు ప్రశ్న, దోషం నూనెదా ఒంటిదా అన్నది. దానికి జవాబు ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోవచ్చు. ప్రొద్దుటూరు అంగళ్లలో బంగారాన్ని గీటురాయి మీద గీసి, తెలిసిన బంగారం గీత పక్కన పెట్టి చూస్తారు కదా. ఇక్కడ ఆ తెలిసిన గీత కాగితం. డ్రాయింగ్ షీటులాంటి మందపాటి, నునుపు లేని కాగితాన్ని అరంగుళం వెడల్పు పట్టీలుగా కత్తిరించుకోండి. పెళ్లిపత్రికల అట్టలు వద్దు, వాటికి మెరుపు పూతో సెంటో ఉంటుంది. ఒకే నిమిషంలో ఒక చుక్క కాగితం మీద, ఒక చుక్క మీ మోచేతి మడతలో, ఒక చుక్క చెల్లెలి మోచేతి మడతలో. మూడూ ఒకేలా మారితే ఆ నూనె తీరే అంత. కాగితం, చెల్లెలు ఒకవైపు, మీరొక్కరే మరోవైపు ఉంటే అప్పుడు ఒంటి సంగతి ఆలోచించాలి. మణికట్టు వద్దంటున్నది ఎందుకంటే, బోర్డు తుడిచినా అన్నం తిన్నా చెయ్యి కడుగుతారు, మణికట్టు తడవక మానదు.

డ్రాపరుతో తీస్తే 1 మిల్లీలీటరులో పాతిక ముప్పై చుక్కలు వస్తాయి. మూడు చోట్లకు మూడు చుక్కలంటే ఒక్క శాంపిల్‌తో ఎనిమిది తొమ్మిది పరీక్షలు చేయొచ్చు. ఒక్కో నూనెను వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు చూడాలి. ఒకటి సెలవురోజు ఇంట్లో, ఒకటి స్కూల్‌కు వెళ్లినప్పుడు, ఒకటి మాపటేళ స్నానం చేశాక. సీసా మూతకు గాజు పుల్ల ఉంటే, చర్మానికి తాకించాక టిష్యూతో తుడిచి గాని మళ్లీ లోపల పెట్టకండి. చెమట, చర్మపు పొట్టు నూనెలోకి దిగుతాయి. పూశాక రెండు చేతులూ రుద్దుకోవడం కూడా మానండి. రుద్దితే వాసన అణువులు విరిగిపోతాయని చెప్పే మాట నిజం కాదు. కాకపోతే రుద్దిన వేడికి తేలికైన వాసన త్వరగా లేచిపోతుంది, సగం నూనె రెండో చేతికి అంటుకుంటుంది, పరీక్ష చెడుతుంది.

నోటుపుస్తకంలో గడియారం చూసి రాయండి. పూయగానే, 5 నిమిషాలకు, అరగంటకు, గంటకు, 3 గంటలకు, 6 గంటలకు, పడుకోబోయే ముందు. ప్రతిసారీ మూడు మాటలు చాలు: ఏం వాసన, ఎంత గట్టిగా, ఎంత దూరం నుంచి. "బాగుంది" అని రాసుకుంటే నెల తర్వాత పుస్తకం తెరిస్తే ఏమీ అర్థం కాదు. "తడి గుడ్డ", "కొత్త పుస్తకం", "మెంతులు వేగిన వాసన" అని రాసుకోండి. మీరు పిల్లలకు వ్యాసం దిద్దేవారు, ఈ పని నాకన్నా మీకే బాగా వస్తుంది.

మల్లె దగ్గరికి వద్దాం. మల్లెలోనూ జాజిలోనూ ఇండోల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. లేశంగా ఉన్నప్పుడు అదే పూవుకు ఆ మత్తునిస్తుంది. చిక్కబడితే కలరా ఉండల వాసన, ఇంకా చిక్కబడితే అంతకన్నా అసహ్యం. పునుగు కూడా ఇలాంటిదే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం గడ్డగా ముక్కు దగ్గర పెడితే భరించలేం, లేశంగా తగిలితే పరిమళం. మల్లెకు తాజాదనం ఇచ్చేది బెంజైల్ ఎసిటేట్. అది తేలిక, వేడికి ముందే ఎగిరిపోతుంది. వెనక ఇండోల్ మిగులుతుంది. రాత్రి జడలో ముడుచుకున్న మల్లెలు తెల్లారి దిండు మీద ఎలాంటి వాసన వేస్తాయో గుర్తుంది కదా, మీ చేతి మీద గంటలో జరిగినది అదే. మే మధ్యాహ్నం, వేడెక్కిన పొడి చర్మం. చెల్లెలి చేతి మీద సాయంత్రం పట్టినది మీ చేతి మీద గంటకే అయిపోయింది.

దీన్నిబట్టి నూనె నకిలీదని అనలేం, అసలుదనీ అనలేం. రసాయనంతో కట్టిన మల్లెలో కూడా ఇండోల్ వేస్తారు, వేయకపోతే అది టాల్కం పౌడరు మల్లెలా ఉంటుంది. సాయంత్రం, చర్మం చల్లబడ్డాక, చుక్కలో సగం పూసి మళ్లీ చూడండి. పళ్లు కుట్టుకునే పుల్ల మొన ముంచి తాకిస్తే చాలు. మోతాదు సగమైతే ఇండోల్ మల్లెలోకి వెనక్కి ఒదిగిపోవడం తరచూ జరుగుతుంది. మూడుసార్లు చూసినా కలరా ఉండలే అయితే, ఆ సీసా చెల్లెలికి ఇచ్చేయండి.

ఒంటి పీహెచ్ వల్లే వాసన మారుతుందని చాలామంది గట్టిగా చెబుతారు. అంతకన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: చర్మం ఎంత పొడిగా ఉంది, ఎంత వెచ్చగా ఉంది, చెమట ఎంత పడుతోంది, అంతకుముందు ఏం పూసుకున్నారు. పొడి చర్మానికి మందు తేలిక. వాసన లేని వ్యాసెలీన్ బియ్యపు గింజంత తీసుకుని ముందు రాసి, రెండు నిమిషాల తర్వాత దాని మీద నూనె పూయండి. ఒకరోజు వ్యాసెలీన్‌తో, ఒకరోజు లేకుండా చూసి రాసుకుంటే తేడా పుస్తకంలోనే కనబడుతుంది. చంకల దగ్గర, వీపు మీద, చెమట పట్టే చోట మాత్రం ఏ నూనే వద్దు. చెమటను బ్యాక్టీరియా మార్చే వాసనకు అత్తరు తోడైతే రెండూ చెడతాయి.

వట్టివేరు అరగంటకే మాయమైందన్నారు, అది వింతే. అసలు వట్టివేరు నూనె చాలా బరువైనది, సుగంధాల్లో అడుగున కూర్చునే రకం. కాగితం మీద రోజుల తరబడి నిలుస్తుంది. కాబట్టి మూడు అనుమానాలు. మొదటిది మీ ముక్కు. ఒకే వాసన మధ్య కాసేపు ఉంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, పక్కవాళ్లకు మాత్రం వస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో కూలరుకు వట్టివేరు తడికలు ఉన్నాయేమో చూడండి. ఉంటే మీ ముక్కు పొద్దుటి నుంచే ఆ వాసనకు అలవాటుపడి ఉంటుంది. పది నిమిషాలు డాబా మీద తిరిగి వచ్చి, మోచెయ్యి వాసన చూడండి, లేదా బయటి నుంచి అప్పుడే వచ్చినవాళ్లను అడగండి. రెండో అనుమానం, నూనెలో వట్టివేరు కన్నా కలిపిన బేస్, అంటే వాసనను మోసే మూల ద్రవం, ఎక్కువ ఉండటం. మూడోది, పచ్చిగడ్డి వాసనలు నాలుగు కలిపి ఖస్ (వట్టివేరుకు హిందీ పేరు) అని పేరు పెట్టడం. ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపడ్డ కన్నౌజ్‌లో రాగి డేగుల్లో, అంటే పెద్ద బానల్లో, తీసిన రూహ్ ఖస్‌కు (ఏమీ కలపని వట్టివేరు నూనెకు) రాగి వల్ల ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. కానీ రంగు చూసి నమ్మకండి, పచ్చ రంగు కలపడం పెద్ద పనేమీ కాదు. కాగితం పట్టీ మర్నాడు కూడా వేరు వాసన వేస్తోందా? వేస్తుంటే నూనె మంచిదే, మీ ముక్కే అలసింది.

కస్తూరి పేరుతో వచ్చేవాటిలో ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు అమ్మేది కృత్రిమ కస్తూరి. కస్తూరి మృగం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు, అసలు కస్తూరి అమ్ముతున్నామనేవాళ్లకు దూరంగా ఉండండి. ఈ కృత్రిమ కస్తూరుల్లో కొన్ని కొందరి ముక్కుకు అసలు అందవు, పుట్టుకతోనే అంతే. మీకు ఏమీ రాకపోయినా గదిలో మరొకరు ముక్కు మూసుకోవచ్చు. అందుకే రాలేదని ఇంకో మూడు చుక్కలు వేసుకునే ముందు ఎవరినైనా అడగడం మేలు.

మీ అర తులం చందనం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చాలా అత్తరు అంగళ్లలో 12 మిల్లీలీటర్ల సీసాను తులమంటారు, 6 అర తులం, 3 పావు తులం. అసలు చందన నూనె కిలో లక్షల్లో ఉంటుంది. 6 మిల్లీలీటర్లు 150 రూపాయలకు రాదు. మీరు కొన్నది చందనం వాసన కట్టిన మిశ్రమం. దాంట్లో మోసమేమీ లేదు, ఆ ధరకు అందరూ అమ్మేది, అందరూ కొనేది అదే. గులాబీ సంగతీ ఇంతే, కిలో నూనెకు టన్నుల లెక్కన రేకులు కావాలి. ఒంటికి పడి, ముక్కుకు నచ్చితే నిశ్చింతగా పూసుకోండి. తేడా మాత్రం తెలుసుకోండి. అసలు చందనం మొదట గట్టిగా పలకదు. "ఇంతేనా" అనిపిస్తుంది. గంట తర్వాత పాల మీగడలా మెత్తగా వచ్చి ఆరేడు గంటలు ఒంటిని అంటిపెట్టుకుంటుంది. గుప్పున మొదలై గంటన్నరకు పలచబడేది మిశ్రమం.

మన జిల్లాలో ఇంకో మాట చెప్పకపోతే తప్పు. ఎర్రచందనం అత్తరంటూ ఎవరైనా చూపిస్తే నవ్వి వచ్చేయండి. శేషాచలంలో పెరిగే ఎర్రచందనానికి, వాసనిచ్చే మంచిగంధం చెట్టుకు పేరులోనే చుట్టరికం. రెండూ వేర్వేరు జాతులు. ఎర్రచందనం విలువ రంగులో, చేవలో ఉంది. అత్తరు తీసేంత వాసన ఆ చెక్కలో లేదు.

కన్నౌజ్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. అక్కడ పూలను నీళ్లతో రాగి డేగులో వండి, ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి పంపుతారు. భప్కాలో ముందే చందన నూనె ఉంటుంది, పూల వాసనను అది పట్టుకుంటుంది. పాత అత్తరు ఏది పూసుకున్నా సాయంత్రానికి చందనం మిగిలేది అందుకే. చందనం ధర పెరిగాక ఆ చోటులోకి లిక్విడ్ పారఫిన్ లాంటివి వచ్చాయి. అందుకే ఇప్పటి అత్తర్లు చాలావాటికి చివర్లో ఆ చందనం మిగలదు. మీ శాంపిళ్లలో మట్టి వాసనది ఏదైనా ఉంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కాల్చిన మట్టిని వండి తీసే మిట్టీ అత్తరులో తొలకరి వాసన మొదట్లోనే ఎక్కువ. ఆ తర్వాత తగిలేది దాని కింద ఉన్న బేస్.

కాబట్టి చిన్న తయారీదారును అడగాల్సిన మొదటి ప్రశ్న "బేస్ ఏమిటి?". ఫ్రాక్షనేటెడ్ కొబ్బరినూనె అంటే మంచిదే. వాసన లేదు, మన తలకు రాసుకునే కొబ్బరినూనెలా చలికి గడ్డకట్టదు. జొజోబా అంటే తొందరగా పాడవదు, కానీ వాసనను కాస్త అణచి నెమ్మదిగా వదులుతుంది. బాదం నూనె అంటే ఆరు నెలల్లో వాడేయాలి, గింజలకు అలర్జీ ఉన్నవాళ్లు వద్దనాలి. డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం) అంటే నీళ్లలో కలిసే రకం, కొందరికి జిగటగా ఉంటుంది. "అది మా రహస్యం" అంటే కొనకండి. వాసనల కూర్పు రహస్యం కావొచ్చు. ఒంటికి పూసే నూనె పేరు రహస్యం కావడానికి వీల్లేదు. ఇంట్లో చూసుకోవాలంటే గాజు గ్లాసు నీళ్లలో ఒక చుక్క వదలండి. పాలలా విరిగితే డీపీజీ, తేలితే ఏదో నూనో పారఫినో, గోళీలా మునిగితే డీఈపీ అనే బరువైన ద్రవం కావొచ్చు. లవంగం నూనె కూడా మునుగుతుంది కాబట్టి దీన్ని పట్టుకుని అంగడివాళ్లతో గొడవకు దిగొద్దు. అసలో నకిలీయో ఈ పరీక్ష చెప్పదు.

రెండో ప్రశ్న: "బెర్గమోట్, నిమ్మ తొక్క నూనెలు ఉన్నాయా?". బెర్గమోట్ కూడా నిమ్మజాతి పండే. తొక్కను పిండి తీసిన ఈ నూనెలు ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలి, నెలల తరబడి పోని గోధుమ మచ్చలు పడతాయి. బెర్గమోట్ నూనెకు ఇఫ్రా పెట్టిన హద్దు 0.4 శాతం. ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెకు ఈ బాధ లేదు. ఏ రకమో తేలకపోతే స్కూటీ మీద వెళ్లే రోజున మెడకు, చేతులకు వద్దు. రాయలసీమ ఎండలో ఈ ఒక్క జాగ్రత్త మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

నిల్వకు బీరువా లోపలి అర చాలు. కిటికీ పక్క డ్రెస్సింగ్ టేబుల్, స్కూటీ డిక్కీ వద్దు. రబ్బరు బుడగ ఉన్న డ్రాపరు సీసాలో ఎక్కువ రోజులు ఉంచితే నూనె రబ్బరును మెత్తబరుస్తుంది. ప్లాస్టిక్ మూత గాజు సీసా మేలు. నిమ్మజాతి వాసనలు ఏడాదిలోపే వాడిపోతాయి, చందనం, ఊద్ (అగరు) ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడతాయి. నిలవున్న శెనక్కాయ గింజల వాసన మొదలైందంటే బేస్ పాడైంది, పారేయండి.

ఇక పెళ్లి. శ్రావణానికి మీ చేతిలో వారాలే ఉన్నాయి కాబట్టి వరస ఇది. వట్టివేరు ముందు, ఆ తర్వాత అర తులం చందనం, వాటి తర్వాత వనిల్లా, సాంబ్రాణి లాంటి తీపివి ఉంటే అవి, మల్లె చివర. ఊద్, అంబర్ ఉంటే కార్తీకం దాకా మూత తీయకండి. ఉక్కపోతలో అవి ఉబ్బి పక్క బంతివాళ్లకు కూడా తల నొప్పి తెప్పిస్తాయి. కన్నౌజ్ వాళ్లు కూడా ఖస్, మిట్టీ, గులాబ్ ఎండాకాలానికి, మసాలా దినుసులు, మూలికలతో వండే హీనా, షమామా చలికాలానికి అని విడగొట్టుకున్నారు. ఆ రోజు జడ నిండా మల్లెలు ఉంటాయి కాబట్టి ఒంటికి మల్లె నూనె అనవసరం. పూల ముందు సీసా మల్లె ఎప్పుడూ చిన్నబోతుంది. వట్టివేరో చందనమో పూల కింద చక్కగా కూర్చుంటుంది.

పెళ్లికి పదిహేను రోజుల ముందే, ఎంచుకున్నదాన్ని ఒకరోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ రోజు వాడబోయే సబ్బు, క్రీము, పౌడరుతో కలిపి పూసి చూడండి. పెళ్లి రోజు స్నానం చేసి ఒళ్లు ఆరాక, చీర కట్టకముందే, చెవుల వెనక చెరో చుక్క, మోచేతి మడతల్లో చెరో చుక్క. పది నిమిషాలు ఆగి చీర కట్టుకోండి. ధర్మవరం పట్టు మీద నూనె చుక్క పడితే మరక ఓ పట్టాన పోదు, వనిల్లా ఉన్నదైతే అది గోధుమ రంగుకు తిరుగుతుంది కూడా. మధ్యలో మళ్లీ కావాలనిపిస్తే, చిన్న దూది ఉండకు రెండు చుక్కలు అద్ది, అత్తరు అంగళ్లలో ఇచ్చినట్టు చెవి మడతలో పెట్టుకోండి. చర్మానికి తాకేది తక్కువ, చీరకు అసలు తాకదు. పందిరి గుమ్మంలో పన్నీరు చల్లి, చేతికి గంధం పూస్తారు కదా, మణికట్టును దానికి వదిలేయండి.